ఎవరూ కాదనలేదు

బడికీ నాకూ ఐదో తరగతిలోనే చెల్లిపోయింది కాబట్టి, మొన్న టీవీలో అమెరికా చట్టసభలో ఏళ్ల తరబడి తన పక్షాన్ని నడిపిన పెద్దాయనొకరు పదవి వదులుకుంటూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, నాకు అర్థమైంది ఆయన దగ్గొక్కటే. కానీ కుర్చీ దిగాక ఎటు నడవాలో తెలియని ఆ చూపును మాత్రం నేనెరుగుదును. అది మా మేనమామ చూపు.

మావ నరసన్నపేట వైపు నుంచి మొదటి ఎలక్షను మొదలు గెలుస్తూ, హైదరాబాదులో తన పార్టీ ఎమ్మెల్యేలందరినీ ఒక్క మాట మీద నిలబెట్టే నాయకుడయ్యాడు. నేను ఆయన జీపు తోలేవాణ్ణి. ఆయన సభను నడిపితే ఆయన్ను నడిపేది నేనేనని కోతలు కోసేవాణ్ణి.

తొలినాళ్లలో ఆయన ఏ పనికైనా ముందు ఇంటింటి అరుగెక్కి, ఇచ్చిన అంబలి తాగి, ఒక్కొక్కరినీ విడిగా అడిగేవాడు. ఎందుకంటే మా వైపు పెద్దవాడి మాటను నలుగురిలో కాదనడం మర్యాద కాదు. ఇష్టం లేనివాళ్లు భుజం మీది తువ్వాలు సర్దుకుని, తల దించుకుని ఊరుకుంటారు. హైదరాబాదు సభలో పద్ధతి వేరట, అడ్డు చెప్పేవాళ్లున్నారా అని అడిగినప్పుడు ఎవరూ పలక్కపోతే ఒప్పుకున్నట్టేనట. ఆ అలవాటే ఏళ్లు గడిచేకొద్దీ ఆయన ఒంటికి పట్టేసింది.

పందొమ్మిది వందల అరవై ఏడులో జరిగిన ఎలక్షన్లకు ముందు, మా ఊరి పల్లపు మళ్ల మీదుగా కాలువ తవ్వించాలని రైతుల్ని పిలిపించాడు. నీళ్లు కింది ఊళ్లకు, పోయే భూమి మావాళ్లది. "అడ్డు సెప్పేవోలున్నారేటి?" అన్నాడు. తువ్వాళ్లు కదిలాయి. అందరికీ ఇష్టమేనంటూ ఆయన జీపెక్కితే, నేను సంబరంగా హారను కొట్టాను.

ఇంటికొచ్చాక అత్త అన్నం వడ్డిస్తూ, "ఊరుకున్నోలంతా ఒప్పేసుకున్నోలేటి? రేపు ఇంటింటికీ ఎల్లి అడుగు," అంది.

"సభనే నడిపినోన్ని, ఊరు నడపలేనేటే?" అని నవ్వి, మర్నాడు ఆయన రైలెక్కేశాడు.

ఓట్లకు తిరిగినప్పుడు ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ మంచినీళ్లిచ్చారు. తీరా కొద్ది ఓట్లతో ఓడిపోయాడు, ఓడించింది సొంత ఊరేనని అందరికీ తెలిసింది. అరుగు మీద మనుషులు పలచబడ్డారు. ఆయన మాత్రం రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరైనా పని మీద వస్తారేమోనని వీధి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ కాలువా రాలేదు, ఆ మళ్లూ ఇప్పుడు ఇళ్ల స్థలాలైపోయాయి.

ఈ కాలం కుర్రాళ్లు ఎమ్మెల్యే ముఖం మీదే కాదంటారు, పైగా సెల్లులో వీడియో తీస్తారు. మంచిదే. కానీ ఎవరైనా ఊరుకుంటే, ఎందుకూరుకున్నాడో అరుగెక్కి అడిగే నాథుడే లేడు.

మావ ఓడిన కొత్తలో ఒక ఉదయం ఆయన్ను నవ్వించాలని నేనే వేళాకోళమాడాను. "మావా, ఇకనుంచి నువ్వు జీపు తోలు, నాను పక్కన కూకుంతాను. అడ్డు సెప్పేవోలున్నారేటి?"

మావ తువ్వాలు సర్దుకుని, తల దించుకున్నాడు.

గుమ్మంలోంచి అత్త అంది: "ఒరే, మీ మావ వద్దంతన్నాడు. నీక్కూడా ఇనపడనేదేటిరా?"