ఎలుకే నయం

మా ఆయనకు ప్లాంటులో రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ తర్వాత భిలాయిలోనే చిన్న ఇల్లు చూసుకోవడమా, ఆయన పుట్టిన విజయనగరం వెళ్లిపోవడమా? నాకు మాత్రం ఇక్కడే ఉండాలని ఉంది. ఆయనకు ఏముందో ఆయనకే తెలియదు. డ్యూటీలో వాళ్లనడిగారు, పవర్ హౌస్ బజారులో పళ్లమ్మే భయ్యానడిగారు, ఫోనులో వాళ్ల అన్నయ్యనడిగారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, తలొకరూ తలో దారి చూపించారు. ఆయన మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడే వంటింట్లో చిట్టెలుక దూరింది. బోనులో ఎండుకొబ్బరి ముక్క గుచ్చి, బయట కూడా కాస్త కోరు చల్లాను. అది ఎగబడలేదు. బోను చుట్టూ తిరిగి, బయటి కోరు కొంచెం కొరికి పారిపోయింది. మర్నాడు వచ్చి ఇంకొంచెం తింది, బోనులోకి మాత్రం అడుగు పెట్టలేదు. లోపల ఏం రాసిపెట్టి ఉందో దానికీ తెలియదు. అయినా ఇంకో ఎలుకను సలహా అడగడానికి పోలేదు, తన నోటితోనే తేల్చుకుంది. నాకు కోపం రావాల్సింది పోయి ముచ్చటేసింది.

"ఏఁవండీ, ఈ ఎలుకపాటి తెలివి మనకి లేదేటి? ఓ నెల విజయనగరంలో ఉండి చూసొద్దాం."

"నన్ను ఎలుకతో పోలుస్తావేటే?"

"లేదండీ, ఎలుకే నయం అంటన్నాను."

నవ్వేసి సెలవు పెట్టారు.

వాళ్ల అన్నయ్య మేడ మీది గదిలో దిగాం. మొదటి వారం ఆయన హుషారు చూసి నా గుండెల్లో రాయి పడింది. ఇక ఇక్కడే మకాం అనుకున్నాను. కానీ వీధిలో ఎవరు కనిపించినా, "ఎప్పుడొచ్చినారు? మళ్లీ ఎప్పుడెల్తారు?" అనే అడుగుతారు. ఏటా వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు టకీమని జవాబు చెప్పే మనిషి ఈసారి నీళ్లు నమిలారు. ఓ పొద్దున కొత్తిమీరకని కొట్టుకెళ్లి అలవాటుగా, "భయ్యా, థోడా ధనియా దేనా," అన్నారట. కొట్టతను ఎవరో హిందీ ఆయననుకుని వచ్చీరాని హిందీలో మర్యాదగా మాట్లాడాడట. నవ్వుతూనే చెప్పారు గానీ మొహం చిన్నబోయింది. జాలేసింది నాకు.

ఆ సాయంత్రం పక్కింటి ముసలావిడ గేటు దగ్గర ఆపి, "మళ్లీ ఎప్పుడెల్తావు నాయనా?" అంది.

"ఎల్లుండి మా ఊరు ఎల్లిపోతన్నాం పిన్నీ," అన్నారు మా ఆయన, పుట్టిన వీధిలో నిలబడి. ఆ మాటకు ముందు నన్ను కూడా అడగలేదు.