పడమటి ఒడ్డున నిలిచిన అతిథి

మా గోడకు ఆవలి ఇంట నలభై ఏళ్ళుగా పుస్తకాలకు అట్టలు కట్టిన పెద్దమనిషి మొన్న శుక్రవారం తెల్లవారుతూ ఉండగా కన్నుమూశారు. నేను ఆయనను చాచా అనేవాణ్ణి. ఆయన నన్ను పంతులూ అనేవారు. మట్టి ఇచ్చి తిరిగివస్తూ ఉంటే షాలిబండ మలుపులో ఒక సాహితీమిత్రుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ పుస్తకాలన్నీ కుట్టినాయన గదా పంతులుగారూ, ఒక చరమపద్యం పడాలె" అన్నాడు. ఆయన మీద నేను పద్యం చెప్పను. ఎందుకు చెప్పనో తెలియజేయడానికే ఈ వచనం.

చాచా చేతికి ఎప్పుడూ, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన ఉండేది. సంస్కృతమైనా అరబ్బీ అయినా ఉర్దూ అయినా ఆయన దారం ఒకే బిగువున నడిచేది. ఫాల్గుణం వచ్చిందంటే మాత్రం దుకాణం ఆలస్యంగా తెరిచేవారు. చలికాలం దక్షిణాన గడిపిన పక్షులు ఉత్తరానికి మరలుతూ మన చెరువుల మీద దిగే రోజులవి. వాటిని ఆయన మెహ్మాన్లు, అంటే అతిథులు, అనేవారు. రోజూ తెల్లవారేసరికి మీరాలం చెరువుకు చేరి, నీళ్ళు కనబడగానే చెప్పులు విడిచి చేతబట్టుకొనేవారు. "మెహ్మాన్ల ముంగట టపటప నడుస్తరా ఎవరన్న?" అనేవారు.

కొన్ని వసంతాలు నన్నూ వెంట తీసుకుపోయారు. దారిలో నేను చకోరం వెన్నెల తాగుతుందని వర్ణిస్తే ఆగి చూసేవారు.

"గా పిట్టను నువ్వు చూసినవా పంతులూ?"

"లేదు చాచా."

"మరి అది తాగంగ ఎవడు చూసిండు?"

పన్నెండేళ్ళ కిందటి ఫాల్గుణంలో ఒక ఉదయం ఆయన నన్ను తుంగపొదల చాటున పొట్ట మీద పాకించారు. ధోవతి బురదైందని గొణుగుతూ తలెత్తి చూశాను. పడమటి ఒడ్డున మనిషి రొమ్ము దాకా వచ్చే తెల్లని పక్షి ఒంటరిగా నిలబడి ఉన్నది. ముఖాన ఎర్రని ముసుగు. రెక్క విప్పితే చివర నల్లన. కళ్ళు పసుపుపచ్చ. నేను చదివిన ఏ వర్ణనలోనూ అది ఇమడలేదు.

"చిన్నప్పుడు మా బాపు ఒక్కసారి చూపెట్టిండు. గప్పటిసంది ఎదురుచూస్తున్న" అన్నారు చాచా, పెదవులు కదిలీ కదలకుండా. తిరుగుదారిలో నా చెయ్యి పట్టుకొని, "ఎవ్వరికీ చెప్పకు పంతులూ. ఇంట్ల గూడ" అన్నారు. మాట ఇచ్చాను.

ఆ మాట మూడు దినాలు నిలిచింది. మలక్‌పేటలో ఒక జాగీర్దారు తోటబంగళాలో కవులం కూడాము. ఎవరో హంస మీద పద్యం చదివారు. నాలో పాండిత్యగర్వం పడగ విప్పింది. "మీరంతా చూడని పక్షులను వర్ణిస్తున్నారు. నేను చూసి వచ్చాను" అన్నాను. ఎక్కడ అని జాగీర్దారు అడిగాడు. చెప్పాను. ఏ ఒడ్డో, ఏ వేళో కూడా చెప్పాను. నాలుక కోసుకోవలసిన ఘడియ అది.

ఉగాదినాడు ఆ బంగళాలోనే పంచాంగశ్రవణం ముగిశాక జాగీర్దారు ఒక పట్టుగుడ్డ తొలగించాడు. ఆ పక్షి చెక్కపీఠం మీద నిలబడి ఉన్నది. లోపల పత్తి కుక్కారు. కాళ్ళకు లక్కరంగు పూశారు. కర్పూరం వాసన కింద నుంచి ఆరని తోలు కంపు కొడుతున్నది.

"మీ పుణ్యమే పంతులుగారూ! మీరు చెప్పకపోతే మాకెట్ల దొరుకు? ఇగ ఒక పద్యం పడనియ్యుండ్రి" అన్నాడు.

పడింది. ప్రాణముతో నిలిచినట్లే ఉన్నదని నేను పద్యం చెప్పాను. కవులు భళీ అన్నారు. శాలువా కప్పితే, కంపు తగలకుండా దాని అంచునే ముక్కుకు అడ్డం పెట్టుకొన్నాను. ఈనాటికీ నా మీద నాకు పుట్టే రోతకు ఆ అంచే గుర్తు.

మరునాడు దుకాణంలో చాచా ముందు తలవంచుకొని అంతా చెప్పాను. ఆయన కుడుతున్న దారం ఆపలేదు. చివరకు ఒకే ఒక్క మాట అడిగారు.

"కండ్లు ఏం రంగువి పెట్టిండ్రు?"

"నల్ల గాజుపూసలు చాచా."

"దానియి పచ్చగుండె" అని దారం పళ్ళతో తెంపారు.

ఆ తర్వాత రెండేళ్ళకు నా పద్యసంపుటి అచ్చైతే ఆయనే అట్ట కట్టారు. అన్ని అంచులూ నున్నగా కోసి, నాకిచ్చిన ప్రతిలో ఆ పద్యమున్న ఒక్క కాగితాన్ని మాత్రం కత్తికి అందకుండా లోపలికి మడిచి కుట్టారు. అది విప్పితే తప్ప చదవరాదు. పొరపాటేమోనని అడిగాను.

"పొరపాటు కాదు. కావాలంటే నువ్వే ఇప్పుకో పంతులూ, నీ ఇష్టం" అన్నారు నవ్వుతూనే. ఇన్నేళ్ళలో ఆ మడత నేను విప్పలేదు. పండుగకు సేమ్యా పాయసం పంపడం ఆయన మానలేదు. నాకు జ్వరం వస్తే మంచం పక్కన కూర్చోవడం మానలేదు. చెరువుకు మాత్రం మళ్ళీ రమ్మనలేదు. ప్రతి ఫాల్గుణంలో గోడ అవతల ఆయన చెప్పుల చప్పుడు విని మేలుకొనేవాణ్ణి. పిలుపు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ చప్పుడు దూరమయ్యేది.

ఈ ఫాల్గుణంలో మంచం పట్టిన చాచా మొన్న గురువారం నన్ను పిలిపించారు. గొంతు పీలగా ఉన్నది.

"నేను చెరువుకు పోలేను గని, ఈసారి నువ్వు పోయి చూసి రా పంతులూ. ఒక్కనివే పో. వచ్చి నాకు చెప్పు."

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన పిలుపు అది. తెల్లవారితే బయలుదేరుదామనుకొన్నాను. తెల్లవారేసరికి ఆయన లేరు.

శనివారం పోయాను. నీళ్ళు కనబడగానే చెప్పులు విడిచాను. అరవైకి దగ్గరపడ్డ వయసులో తుంగపొదల మధ్య పొట్ట మీద పాకాను. ఆ ఉదయం పడమటి ఒడ్డున ఏది నిలబడి ఉన్నదో, అసలేదైనా ఉన్నదో లేదో, చదువరులు నన్ను క్షమించాలి, ఇక్కడ రాయను. చెప్పవలసినది ఒక్కరికే. రోడ్డు చేరినా చెప్పులు తొడుక్కోవడం మరిచి, వాటిని చేతబట్టుకొనే ఆయన మూసిన దుకాణం దాకా నడిచి వచ్చాను.