పెద్దమ్మ నడుం ఎత్తు

టీ తోటల ఊళ్లో బస్సు దిగేసరికి నా పళ్లు టకటకలాడుతున్నాయి. "ఈ కొండల్లోకి ఇంత పల్చటి చొక్కాతో వస్తారటే? మీ అమ్మకే లేదు బుద్ధి, నీకెక్కణ్నుంచి వస్తుందిలే!" అంటూ మా పెద్దమ్మ తన శాలువా తీసి నా మీద పడేసింది. ఆవిడ ముద్దు చెయ్యడం అలాగే ఉంటుంది.

పెద్దమ్మ పోయినేడు దాకా ఆకు కోసింది. మనిషి పొడుగు. తోటలో అందరూ నిచ్చెన అంటారు. టీ మొక్కను వదిలేస్తే చెట్టయిపోతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి నడుం ఎత్తున నరుకుతారు. కోసే మనిషిని వాలుకు పై పక్కన నిలబెట్టి, ఆవిడ నడుముకు కత్తి ఆనించి కొలవడం అక్కడి పద్ధతి. మేనేజరేమో ఎప్పుడూ అందర్లోకీ పొట్టిమనిషినే పిలిచేవాడు. ఎవరి నడుముకో కొలిచిన మొక్కల మీద వంగీ వంగీ పెద్దమ్మ నడుం అలాగే వంగి ఉండిపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తన గది ముందున్న ఒక్క మొక్కను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అది చూరు దాటి, తెల్లగా పూలు పూస్తోంది. ఇప్పుడదే గొడవ. గదికి వెనక, పై గట్టు మీద తోటవాళ్లు కొత్తగా అతిథిగృహం కట్టారు. వసారాలో కూర్చున్నవాళ్లకు ఆ చెట్టు లోయను కనబడనివ్వడం లేదట.

మర్నాడు పొద్దున్నే మేనేజరొచ్చాడు. వెనకాల కత్తి పట్టుకుని మా మావయ్య. తోటలో మొక్కలు నరికే పని ఆయనదే.

"అక్కా, నడుం ఎత్తుకు కొట్టెయ్యమన్నారే," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"కొట్టరా. ఎవరి నడుం?"

"ఎవరిదైతే ఏంటమ్మా, నీదే కొలుచుకో," అన్నాడు మేనేజరు విసుగ్గా.

"మాట మీదుంటారుగా సారూ?"

"ఉంటాలే. తొందరగా కానివ్వండి."

పెద్దమ్మ చెంగు బిగించి గట్టెక్కింది. టీ తాగుతున్న అతిథుల మధ్యనుంచి నడిచి, వసారాలోని బల్ల మీదికెక్కి, స్తంభం పట్టుకుని మెల్లగా నడుం ఎత్తింది. నొప్పికి మొహం ఎర్రబడింది. అయినా ఆపలేదు. మా పెద్దమ్మ అంత పొడుగని అప్పటిదాకా నాకూ తెలీదు. ఏడుపొచ్చేసింది.

"కొలవరా తమ్ముడూ."

మావయ్య పైకెళ్లి, ఆవిడ నడుముకు కత్తి ఆనించి, కొస చెట్టు వైపు చాపి చూశాడు.

"చెట్టింకా జానెడు ఎదగాలి సార్."

"వేళాకోళమా? మొక్క పక్కన నిలబడాలి!"

"పై పక్కనే ఉన్నాగా. ఇన్నాళ్లూ మీరు నిలబెట్టింది అక్కడేగా?"

అతిథుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం మాడిపోయింది.

"దిగమ్మా ముందు! ఎంతసేపలా నిలబడతావ్?"

పెద్దమ్మ స్తంభం వదిలేసింది.

"చెట్టు నా నడుం దాకా వచ్చేదాకా."