నాలుగో మూలలో వాన

కారే కుళాయిలను ముప్ఫై ఏళ్లపాటు కట్టేసిన ఆ ప్లంబరుకు ఆఖర్న నీళ్లు కార్చే పని దొరికింది. చూపులేనివాళ్లు కూడా చెవితో, ముక్కుతో, అరచేత్తో వానను తెలుసుకునేలా ఒక డిజైనరమ్మ పెద్ద గది కట్టిస్తోంది.

"ఇన్నాళ్లూ ఆపినందుకు జీతమిచ్చారు. ఇప్పుడు ఆగకుండా చూడమంటున్నారే!" అని ఇంటికొచ్చి భార్యతో చెప్పి పడీపడీ నవ్వాడు.

ఆకుల మీద వాన, మట్టి మీద వాన, గొడుగు మీద వాన... మూడు మూలలూ ఇట్టే కుదిరాయి. నాలుగోది రేకు మీద వాన. పెళ్లయిన కొత్తలో వాళ్లు కాపురమున్న రేకుల గది వాన. అదే కుదిరి చావలేదు. రోజూ స్నానాలగదిలో రేకుముక్క పెట్టి, చిల్లుల డబ్బాతో నీళ్లు పోసి భార్యను పిలిచేవాడు.

"కళ్లు మూసుకుని చెప్పు. మన గదేనా?"

ఆమెకు పెనం మీద నూనె చిటపటలాడినట్టే ఉండేది. కాదనేది. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కళ్లయినా మూసుకోకుండా, "అదేనండీ, అచ్చం అదే! ఇక నన్ను వదలండి," అనేసింది.

ఆయన మొహం చేటంత అయింది. మర్నాడే అలాగే బిగించాడు. వారం తిరక్కుండా గుండె ఆగి పోయాడు.

గది తెరవడానికి ముందురోజు డిజైనరమ్మ ఆమెను వెంటబెట్టుకెళ్లింది. తడిమట్టి వాసన, చల్లగాలి, చేతుల మీద తుంపర. నాలుగో మూలలో మాత్రం అదే పెనం, అదే నూనె.

"'మా ఆవిడ సరేనంది, దీనిమీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు' అన్నారు పిన్నీ ఆయన. ఇలాగే ఉంచేద్దామా?" అని అడిగింది డిజైనరమ్మ.

తలూపితే ఆయన చివరి పని అలాగే నిలిచేది. రెండోసారి అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు.

"కాదమ్మా. పాలు పొంగుతున్నాయని అలా అనేశాను."

అన్నాకగాని తట్టలేదు ఏది తక్కువైందో. ఆ రేకుల గది కారేది. "ఊరందరి కుళాయిలూ కడతారు, మన నెత్తిమీద చిల్లు మాత్రం కనపడదు," అని ఆమె దెప్పుతూ కింద గిన్నె పెట్టేది.

ఇంటికెళ్లి ఆ సొట్టగిన్నె తెచ్చింది. రేకును బిగించిన ఒక్క మర వదులు చేయించి, నీళ్లు కారే ఆ చిల్లు కింద గిన్నె పెట్టింది.

టప్పు. కాసేపాగి, టప్పు.

అప్పుడు కళ్లు మూసుకుంది. గిన్నె నిండి, పొర్లి, పాదాలు తడిసినా తెరవలేదు.