వీధిపోటు స్థలం

యుద్ధం రోజుల్లో నరసరావుపేట అవతల ఒక రైతు తన చేలో కొంత ఇళ్లస్థలాలు చేసి అమ్మితే మేమూ ఒకటి కొన్నాం. వరసకి ఏమీ కాకపోయినా ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. సున్నం పోసి వీధులు ఎంత బాగా గీశాడనుకున్నారు! రెండు బండ్లు ఎదురెదురుగా పోవచ్చు. మనుషులు పేటకి ఎట్టా పోవాలన్నది మాత్రం మర్చిపోయాడు.

నేను పేటలో ఆడపిల్లల బళ్లో టీచర్ని. మా ఆయన పనిచేసే పత్తి జిన్నుమిల్లు ఇంకో దిక్కున. బస్సు దొరక్కపోతే నా ఉద్యోగం ఊడినట్టే. పెట్రోలు కరువని ఆ బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టి నడిపేవాళ్లు. పల్లంలో ఆగిందా, ఇక కదలదు.

మా వీధి మొదట్లో ఆపమని అడిగితే డ్రైవరు నవ్వాడు. "తోసేదానికి నువ్వొస్తావామ్మా? ఆ మిట్ట మీదయితే ఆపుతా."

సరే, మిట్టకే పోదాం. అక్కడినుంచి మా స్థలాల దాకా తిన్నగా గట్టి గరుసు నేల, దానికి అటూ ఇటూ నల్లరేగడి. గరుసు మీద సైకిళ్లకి దారి వదిలితే చాలు. కానీ ఆ దారి సూటిగా వచ్చి బాబాయి తన ఇంటికని ఉంచుకున్న స్థలానికి తగులుద్ది. వీధిపోటు! గుమ్మానికి ఎదురుగా దారొచ్చి తగిలితే ఇంటి యజమానికి కీడంటారు. అందుకని బాబాయి దారిని వంకర తిప్పి రేగట్లోకి తోశాడు.

మొదటి వానకే తెలిసొచ్చింది. సైకిలు మా ఆయన్ని మొయ్యటం పోయి, మా ఆయన సైకిల్ని మోశాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకొని మోకాళ్ల దాకా బురదతో మిట్టెక్కేసరికి బస్సు వెళ్లిపోయింది. ఇట్టా రెండు మూడుసార్లయ్యాక, ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం బురదపాలు చేస్తానా!

ఆ సాయంత్రమే బాబాయి దగ్గరికి పోయాను. అప్పటికి అందరివీ పాకలే, ఇంకా ఎవరి ఇల్లూ లేవలేదు.

"బాబాయ్, మీ స్థలం మాకియ్యండి, మా మూల స్థలం మీరు తీసుకోండి. దారి మాత్రం తిన్నగా పోనియ్యండి."

"ఏందమ్మాయ్ ఈ మాటలు! మీ ఆయనకేమన్నా అయితే?"

"అయితే ఆ రేగట్లోనే అయిద్ది బాబాయ్."

మేం చర్చికి పోయేవాళ్లమే. అయినా బాబాయి ఒప్పుకున్నాడని ఇంటికొచ్చి చెప్తే మా ఆయన ముఖం కొంచెం పాలిపోయింది. "కీడు నాకంట, ధైర్యం నీకా?" అన్నాడు. అని, తనే పార పట్టుకొని పక్కనోళ్లని పిల్చుకొచ్చాడు. రెండు సైకిళ్లు పక్కపక్కన పోయేంత దారి వేశాం. బండ్లు దూరకుండా రెండు చివర్లా నాపరాళ్లు పాతాం. ఆ ముక్క దారి చూసుకొని నేను చానా మురిసిపోయాను.

ఇల్లు లేచాక తెలిసింది అసలు సంగతి. మిట్ట మీద ఆగిన బస్సులోంచి చూస్తే సూటిగా మా గుమ్మమే కనపడిద్ది! గుమ్మంలో నేను నిలబడి చెయ్యి ఊపితే డ్రైవరు హారన్ కొట్టి నేనొచ్చేదాకా ఆగేవాడు. మళ్లీ ఎప్పుడూ నాకు బస్సు తప్పలేదు.

బాబాయికి మాత్రం తప్పేది. పేట కోర్టులో ఆయనకి పొలం వ్యాజ్యం ఉండేది. మూలనున్న ఆయన ఇల్లు ఏ డ్రైవరుకి కనపడిద్ది? వాయిదా రోజున పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు కాఫీ తాగుతూ మిట్ట వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మాయ్, మళ్లీ మార్చుకుందామా?"

"అమ్మో, వీధిపోటు బాబాయ్! మీకేమన్నా అయితే?"

ముందు ఆయనే పగలబడి నవ్వాడు. అంతలో హారన్ మోగింది. నేను జడ అల్లుకుంటూ, ఆయన పంచె ఎగ్గట్టుకుంటూ, ఇద్దరం ఆ దారి మీద పరిగెత్తాం.