పావు అంగుళం

నా చిన్నప్పుడు, దీవుల్లో రంగత్ దగ్గర మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాద తుపాకీకి జరిగేది. వరిచేలో పడి మేసే చుక్కల జింకలను తోలడానికని సర్కారు మా తాతయ్య పేర లైసెన్సు ఇచ్చింది. రెండు గొట్టాలు, ఒక్కసారికి రెండే తూటాలు. ఇంకొకరు పేలిస్తే లైసెన్సు పోతుంది, జైలు కూడా. అందుకని దాన్ని దాచిన ట్రంకుపెట్టె తాళంచెవి తాతయ్య మొలతాడుకే ఉండేది. స్నానానికి వెళ్తూ మాత్రం నా చేతికిచ్చేవాడు. తొమ్మిదేళ్ళదాన్ని, ఆ కాసేపూ నా నడకే మారిపోయేది.

ఓడలో పనిచేసే మా చిన్నాన్న ఒకసారి పట్నంలోని అబర్డీన్ బజార్లో ఎవరి దగ్గరో కొత్త తూటాలు సంపాదించి తెచ్చాడు. తాతయ్య నూతి దగ్గర ఉండగా నన్ను బతిమాలాడు. జింకకూర తినిపిస్తానన్నాడు. నాకు నోరూరి తాళంచెవి ఇచ్చేశాను. తూటా గొట్టంలోకి సాఫీగా దిగింది.

"చూసినావా, బరాబర్ సరిపోనాది" అన్నాడు.

చేనుగట్టున నిలబడి పేల్చాడు. గొట్టం మొదట్లోనే చీలిపోయింది. చిన్నాన్న ఎడమచేతికి మూడు వేళ్ళు లేవు. ఒకటి బురదలో నా కాలి పక్కనే పడి ఉంది. నా గౌను నిండా నెత్తురు. ఆయన అరుస్తూ చెయ్యి పట్టుకోమంటుంటే నేను పారిపోయాను. ఆ సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి వచ్చాక తాతయ్య నన్ను కూర్చోబెట్టి, పేలిన తూటా డొల్లనూ పేలని తూటానూ పక్కపక్కన పెట్టాడు. డొల్లే పొడుగ్గా ఉంది. తూటా మూతి మడిచి ఉంటుందట, పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవాలట. మా పాత తుపాకీలో దానికి పావు అంగుళం చోటు చాలక గొట్టం చీలిపోయిందట. "దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదమ్మా" అన్నాడు. తాళంచెవి మాట ఎత్తలేదు. తిడితే బాగుండునని ఏడ్చాను.

మర్నాడు ఠాణాలో, పెట్టె తాళంచెవి ఎవరు ఇచ్చారని అడిగారు. నేను తాతయ్య పంచె పట్టుకుని నిలబడ్డాను.

"నేనే ఇచ్చినాను సాబ్" అన్నాడు తాతయ్య.

అంతకుముందు ఆయన అబద్ధం ఆడగా నేను వినలేదు. లైసెన్సు పోయింది, పదిరోజులు లోపల ఉంచారు. ఆ ఏడు మా చేను జింకలపాలైంది. చిన్నాన్న కూడా నా పేరు ఎక్కడా చెప్పలేదు.

పెద్ద నోరున్న మనిషినని ఊళ్ళో నాకు పేరు. న్యాయం తప్పితే ఎవర్నైనా కడిగేస్తాను. కానీ తాతయ్య పోయేదాకా, ఆ తర్వాత ఇన్నేళ్ళూ, ఒక్క మాట నా గొంతు దాటి రాలేదు. తాళంచెవి ఇచ్చింది నేనే.