పదకొండు మాటల తంతి

నోటికి మాటను, మనసుకు జ్ఞాపకాన్ని ఇచ్చిన దేవునికి స్తోత్రం.

1986లో నన్ను ఆర్మూర్ తపాలా కార్యాలయానికి సిగ్నలర్‌గా వేశారు. నిజామాబాద్ నుంచి వచ్చే తంతులను, అంటే టెలిగ్రాములను, టకటక చప్పుళ్లలో విని కాగితం మీద రాయడం నా పని. చెవి అక్షరాన్ని అందుకుంటుంది, చెయ్యి రాస్తుంది. అర్థం కోసం ఆగితే తరువాతి అక్షరం జారిపోతుంది. చివర మాటలు లెక్కపెట్టి, అవతలివాళ్లు చెప్పిన సంఖ్యతో సరిచూసి పంపేస్తాం. సాయంత్రానికి ఒళ్లు అలిసేది, తల ఖాళీగా ఉండేది.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, మార్కెట్ యార్డులో పసుపు రాశులు ఉండగానే అకాల వాన పడింది. బీడీలు చుట్టే లచ్చవ్వ తడిసిన తంతి కాగితంతో పరుగున వచ్చింది. సిరా అంతా కారిపోయి దుబాయ్ అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆమె భర్త అక్కడే పనిచేస్తున్నాడు.

“సారూ, జర చెప్పుండ్రి. మనిషి ఉన్నడా, లేడా?”

పొద్దున రాసింది నేనే. ఎంత వెతుక్కున్నా ఒక్క మాటా గుర్తురాలేదు. పదకొండు మాటలని మాత్రం గుర్తుంది, అదే చెప్పాను.

“మాటలు లెక్కవెట్టినవ్ గని, ఏం మాటలో యాది లేదా? నేను బీడీలు లెక్కవెట్టినట్టే ఉన్నది నీ కొలువు!” అని బెంచీ మీద కూలబడింది.

మళ్లీ పంపమని నిజామాబాద్‌ను అడుగుదామంటే వానకు లైను పోయింది. అదే పొద్దున ఒక పసుపు వ్యాపారికి వచ్చిన తంతి మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది: సరుకు ఆపు, ధర దిగుతోంది. మా అన్న పసుపు ఇంకా అమ్ముడుపోలేదు. అందుకే పొద్దున అది రాశాక, ఆ మాట మా ఇంటికేం తెస్తుందోనని కాసేపు ఆలోచించాను.

దీపాలు పెట్టే వేళకు లైను వచ్చింది. తంతిని మళ్లీ తెప్పించి, చదివి తెలుగులో చెప్పాను. మిషన్‌లో చెయ్యి నలిగింది, ప్రాణానికి భయం లేదు, ఇంటికి పంపుతున్నారు.

“చెయ్యి వోతే వోనీ. మనిషి వస్తుండు గదా,” అని లచ్చవ్వ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “గిప్పుడన్న యాదుంటదా సారూ?” అంది.

ఉంది. ఆనాటి నుంచి ప్రతి తంతినీ రాశాక ఒకసారి చదివి, అందుకునేవారి కోసం మనసులో ప్రార్థించి పంపేవాణ్ణి. ఇక వాటిని మరిచిపోవడం నా వల్ల కాలేదు. ఊరి చావులు, జబ్బులు నాతోపాటు ఇంటికి వచ్చేవి. అలసట పెరిగిందే గాని తగ్గలేదు. సండే స్కూల్లో గడగడా అప్పజెప్పిన వచనాలు పోయి, పాస్టరుగారు నిలబెట్టి అర్థం అడిగినవే నాలో ఎందుకు మిగిలాయో అప్పుడు తెలిసింది. చెవి నుంచి చేతికి దాటిపోయిన మాట నిలవదు. ఎవరిది, వాళ్లకేమవుతుంది అని అడిగిన మాట నిలుస్తుంది.

ఆ పేర్లు ఇంకా నా సాయంత్రపు ప్రార్థనలో ఉన్నాయి. ఈరోజు లచ్చవ్వ పేరు దగ్గర, ఈ సాక్ష్యం విన్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి.